హీటరు

మూడో చెయ్యి బండి మాది.
తాడిపత్రి వకీలు దగ్గర గుత్తి సారు కొన్న్యాడు,
సారు దగ్గర మా ఆయన కొన్న్యాడు.
డాష్‌బోర్డు మీది వినాయకుడు మాత్రం
ముగ్గురికీ ఒకడే.
ఎండకు మెత్తబడి
తొండం పక్కకి వొరిగింది.

పొద్దున లేస్తానే మా ఇంట్లో
పాలొచ్చినాయా అని అడగరు,
బండి లేస్తాదా అని అడుగుతారు.
బానెట్ కాడికి బిందె మోసకపోతాంటే
పక్కింటి సుంకన్న గోడ మీద తల పెట్టి
"ఏమక్కా, ఎనుముకు కుడితా?" అంటాడు.
అని, చెప్పులేసుకోని వచ్చి నూకుతాడు.
ఉగ్గాని అమ్మే ఈరమ్మకు మా టైము తెలుసు.
మేం మలుపు తిరిగేలోపే
బజ్జీల మీద గుడ్డ కప్పేస్తాది.

మే నెల. అత్తకు కంటి ఆపరేషనై వారం.
కర్నూలు డాక్టరు పదకొండుకు రమ్మన్న్యాడు.
బస్సుకు పోదాం అంటి.
"ఇంట్లో కారు పెట్టుకోని బస్సా?"
ఆ మాటలో నాకు కారు వినపడలేదు,
ఇంకా కట్టాల్సిన పద్నాలుగు కంతులు వినపడినాయి.

డోన్ దాటినాక సూది లేచింది.
ముందు ఆయన మాట్లాడేది ఆగింది,
తర్వాత బండి ఆగింది.
బానెట్ ఎత్తితే
సంగటి కుండ మూత తీసినట్టు ఆవిరి.
కనుచూపు మేర ఒక్కటే తుమ్మచెట్టు,
దాని కింద గొర్రెలు మాకంటే ముందే వచ్చి ఉన్నాయి.

ఉన్నవి రెండు సీసాల నీళ్లు.
ఒకటి అత్త మాత్రలకు. ఇంకొకటి,
పిల్లోడు నోటి దాకా ఎత్తిందాన్ని లాక్కోని
రేడియేటరుకు తాపినాం.
ఆయన తువ్వాలు చుట్టి మూత తిప్పినాడు.
"స్స్" అన్నది బండా, ఆయనా, తెలీలేదు.
నల్లద్దాల మీద తడిగుడ్డ వేసుకున్న అత్త
లోపల్నుంచే అడిగింది, "ఎవురికిరా కాలింది?"
"ఎవురికీ ల్యామా. బండి."

నేను ఊరకుండాల్సింది.
"అప్పుడే చెప్తి గదా" అంటి.
ఆయన టైరును తన్నినాడు.
మెల్లగా తన్నినాడు.
గట్టిగా తన్నింటే నాకు ఇంత అనిపించేది కాదు.

వెల్దుర్తి షాషావలి మోపెడు మీద వచ్చినాడు,
వెనకాల పాత గేరుబాక్సును
నిద్రపోతున్న బిడ్డను కట్టుకున్నట్టు కట్టుకోని.
వంగి చూసి, "ఫ్యాను పోయింది సార్" అన్న్యాడు.
"కర్నూలు పోయిందాకా దొరకదు. హీటరు వేసుకోని పోండి."
"ఈ ఎండలోనా?"
"సెగంతా మీ మీదికొస్తాది. ఇంజనుకు కొంచెం ఊపిరాడతాది.
అద్దాలు దింపుకోండి."
దుడ్లు వద్దన్న్యాడు.
జొన్నరొట్టె సగం, శెనిక్కాయ కారెం తీసుకున్న్యాడు.

ఈ బండికి హీటరు ఉందనే నాకు తెలీదు.
ఏసీ ఏనాడూ పని చేయలేదు గాని
ఆ పొద్దు హీటరు మాత్రం కొత్తదానిలెక్క వీచింది.
కిటికీలోంచి వడగాలి, కాళ్ల కాడ పొయ్యి.
"అమ్మా, నా కాళ్లు రొట్టెలైతాండాయి" అని పిల్లోడు నవ్వు.
పిల్ల చున్నీ తడిపిన పది నిమిషాలకే ఎండిపోయింది.
ఆయన రోడ్డు కంటే సూదిని ఎక్కువ చూస్తాంటే
రోడ్డును నేను చూసినా.
"దిగింది!" అన్న్యాడు ఒకసారి.
గోరంత. అంతే.
చినుకు పడినట్టు అందరం అరిచినాం.
"యాడికొచ్చిందిరా?" అని కండ్లు మూసుకునే అత్త,
"దిగుతాందత్తా, దిగుతాంది" అని నేను.

పదకొండు ఎప్పుడో దాటింది.
డాక్టరు అద్దాలు తీసి, గోడ మీది అక్షరాలు చూపించి
"ఏం కనపడతాందవ్వా?" అన్న్యాడు.
అత్త గోడ వైపు చూడలేదు.
"వాని చెయ్యి" అన్నది.
"బొబ్బ లేచింది చూడు."

అంతసేపూ పక్కనే కూచున్న్యా నేను.

ఆ చేతికి మందు రాయించుకోని కిందికొస్తే
బండి మళ్లా లేవలేదు.
ఆయన్ను ఒంటిచేత్తో స్టీరింగు పట్టుకోమని
నేనూ, పిల్లలూ, వాచ్‌మనూ నూకినాం.
పక్కన ఇంకొక చెయ్యి పడింది.
అద్దాలు సర్దుకుంటా,
"ఇంగ నూకండి" అన్నది అత్త.